చార్టు తీసేశాం, కాళ్ళు ఒత్తడం మానలేదు

"కొంచెం కిందకి. ఇంకొంచెం. ఆ, అక్కడే. అది లివర్."

దాదాపు మూడేళ్ళపాటు మా నాన్న రాత్రిపూట నాకు ఇలాగే దారి చెబుతూ వచ్చారు. ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చునేవారు. నేను ఎదురుగా స్టూలు మీద. ఆయన కుడి పాదం నా ఒళ్ళో, పాత తువ్వాలు మీద. తలుపు వెనక రంగుల చార్టు ఒకటి వేలాడుతుండేది. పెద్దవి రెండు అరికాళ్ళు, వాటి నిండా ఎరుపు, పసుపు, నీలం గళ్ళు. వేళ్ళ కొసల్లో తల, సైనస్. వేళ్ళ కింద మెత్తటి చోట ఊపిరితిత్తులు. వంపులో కిడ్నీలు, మడమ దగ్గర నడుము. గుండె ఎడమ పాదానికి, లివర్ కుడి పాదానికి.

చార్టు పెట్టే సూత్రం తేలికే. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో, అక్కడ రాసి ఉన్న అవయవంలో ఏదో తేడా ఉన్నట్టు. రోజూ నొక్కగా నొక్కగా ఆ నొప్పి పోతే అవయవం దారిలో పడినట్టు. రిఫ్లెక్సాలజీ, అంటే పాదాలు నొక్కి లోపలి అవయవాలు బాగుచేస్తామనే పద్ధతి, నేర్చుకున్న ఒకాయన నాన్నకి ఈ చార్టు ఇచ్చి, లివర్ చోట మాత్రం రోజూ మర్చిపోకుండా నొక్కించుకోమన్నాడు. అప్పట్లో అక్కడ చెయ్యి వేస్తే చాలు, నాన్న కాలు వెనక్కి లాక్కునేవారు.

ఒక రాత్రి అదే చోట బొటనవేలు గట్టిగా దించాను. కాలు కదల్లేదు. "ఏమీ తెలియట్లేదురా. చూశావా, లివర్ సెట్టయిపోయింది" అన్నారు. నేనూ సంతోషించాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పది పన్నెండు రోజుల తర్వాత నాన్న పొద్దున్నే నడకకి వెళ్ళొచ్చి బూట్లు విప్పారు. కుడి సాక్సు అడుగున రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. బూటు తిరగేసి దులిపితే శనగగింజంత రాయి నేల మీద పడింది. ఆ రాయి మీద గంటసేపు నడిచొచ్చారు. తెలియలేదు. గాయం సరిగ్గా లివర్ గడి ఉన్న చోటే, చిటికెన వేలికి కాస్త కింద.

డాక్టర్ నాన్నని కళ్ళు మూసుకోమన్నారు. ఒక పిడికి బిగించిన సన్నని నైలాన్ పోగు తీసి, తాకినప్పుడల్లా చెప్పమన్నారు. ఆ పోగుని చర్మానికి ఆనించి నొక్కితే సరిగ్గా పది గ్రాముల ఒత్తిడి దగ్గర వంగుతుందట. నాన్న కళ్ళు మూసుకుని, మొహం కాస్త పైకెత్తి, ఎప్పుడు తాకుతారా అని శ్రద్ధగా ఎదురు చూస్తున్నారు. డాక్టర్ అప్పటికే మూడు చోట్ల తాకి రెండో పాదానికి వెళ్ళిపోయారు. తర్వాత 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టారు. ఆ అదురు కూడా నాన్నకి అందలేదు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయి. మేం లివర్ బాగుపడిందని సంబరపడిన రాత్రి, నిజానికి పాదం స్పర్శ పోగొట్టుకున్న సంగతి మాతో చెప్పింది. మేమిద్దరం ఆ మాటని చార్టులో వెతికి చదువుకున్నాం.

అందుకని నా వాదన ఇది. కాళ్ళు ఒత్తడం చాలా మంచి పని, ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. దానికి చార్టు అక్కర్లేదు. పైగా చార్టు ఎదురుగా ఉంటే చేతిలో ఉన్న పాదాన్ని చూడటం మానేస్తాం.

ఈ చార్టు ఎక్కడిదో తర్వాత వెతికి చదివాను. వేల ఏళ్ళ నాటి విద్య అని ఎవరైనా అంటే, సాధారణంగా వాళ్ళు ఈజిప్టులో సక్కారా దగ్గరున్న అంఖ్‌మహోర్ సమాధి గోడ బొమ్మని చూపిస్తారు. అది నాలుగు వేల ఏళ్ళు దాటినదే. అందులో ఒకరి చేతుల్నీ కాళ్ళనీ ఇంకొకరు పట్టుకుని ఏదో చేస్తున్నారు. అది వైద్యమా, గోళ్ళు బాగుచేయడమా అన్నదే ఇంకా వాదనలో ఉంది. ఆ అరికాళ్ళ మీద గళ్ళూ లేవు, లివరూ లేదు.

ఇప్పటి చార్టు వయసు వందేళ్ళ చిల్లర. అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ ఊళ్ళో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్ ఉండేవాడు. ఒంటిని తల నుంచి కాళ్ళ దాకా పది నిలువు పట్టీలుగా విడదీసి, ఒక పట్టీలో ఎక్కడ నొక్కినా అదే పట్టీలోని నొప్పి తగ్గుతుందన్నాడు. నొక్కడానికి వాడినవి రబ్బరు బ్యాండ్లు, ఇనుప దువ్వెనలు, బట్టలు ఆరేసే క్లిప్పులు! 1917లో ఎడ్విన్ బవర్స్‌తో కలిసి దీని మీద పుస్తకం వేశాడు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్ట్ ఆ పట్టీల్ని అరికాళ్ళ మీదకి దించి, అవయవాలకి చోట్లు కేటాయించింది. 1938లో ఆమె పుస్తకం వచ్చింది. తర్వాత ఊరూరా తిరిగి నేర్పింది. ఆ వరసలోదే మా తలుపు వెనకది. రెండు వేర్వేరు చార్టులు పక్కపక్కన పెట్టి చూడండి, గుండె రెండింట్లోనూ ఒకేచోట ఉండదు.

పూర్తిగా గాలిలోంచి పుట్టిన ఊహ అనలేను. ఒక అవయవం జబ్బుపడితే నొప్పి ఇంకోచోట తేలడం నిజమే. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఎడమ చెయ్యి లాగుతుంది. పిత్తాశయంలో రాళ్ళుంటే కుడి భుజం నొప్పెడుతుంది. హెన్రీ హెడ్ అనే ఆంగ్ల డాక్టర్ 1890లలోనే లోపలి జబ్బులకి చర్మం మీద ఏ చోట్లు నొప్పి పుడతాయో గుర్తించి రాశాడు. కానీ ఆ నొప్పులకి దారి ఉంది. అవయవం నుంచి వచ్చే నరమూ, చర్మం నుంచి వచ్చే నరమూ వెన్నుపాములో ఒకే అంతస్తు దగ్గర కలుస్తాయి కాబట్టి మెదడు తికమకపడుతుంది. అరికాలి నరాలు చేరేది నడుము కింది భాగంలో. లివర్ నరాలు చేరేది వీపు మధ్యలో, ఛాతీ వెనక. ఈ రెంటికీ కలిసే చోటు లేదు.

పరీక్ష పెట్టినవాళ్ళూ ఉన్నారు. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇద్దరు రిఫ్లెక్సాలజిస్టులకి 18 మంది పాదాలు చూపించారు. ఆరు రకాల జబ్బుల్లో ఎవరికి ఏముందో మాత్రం చెప్పలేదు. పాదం చూసి ఆ ఇద్దరూ జబ్బులు పట్టుకోలేకపోయారు. పైగా వాళ్ళిద్దరి మాటకీ పొంతన లేదు. 2009లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే పరిశోధకుడు 18 క్లినికల్ ట్రయల్స్‌ని కూర్చి చూసి, రిఫ్లెక్సాలజీ ఏ జబ్బుకీ మందని నమ్మదగ్గ ఆధారం కనిపించలేదని తేల్చాడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇలాంటి సమీక్షలన్నీ చేయించి, 2019 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ దక్కే చికిత్సల్లోంచి రిఫ్లెక్సాలజీని తీసేసింది.

(కాళ్ళు పెడితే నీళ్ళు గోధుమరంగుకి తిరిగి "విషాలు బయటికొచ్చేశాయి" అని చూపించే తొట్టి ఒకటుంది. అందులో కాళ్ళు పెట్టకుండా కరెంటు ఆన్ చేసి చూడండి. నీళ్ళు అలాగే రంగు మారతాయి. ఉప్పునీళ్ళలో ఇనుప ముక్కలకి కరెంటు పారితే వచ్చే తుప్పు అది.)

"పోనీలే, నమ్మితే నష్టమేముంది, హాయిగా ఉంటోంది కదా" అనే మాట మా ఇంట్లోనే బోలెడుసార్లు విన్నాను. నష్టమేమిటో మా నాన్న సాక్సు అడుగున చూశాను కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. దీనికంటే గట్టి వాదన ఇంకోటుంది. 2017లో అమెరికాలో గ్వెన్ వ్యాట్ బృందం రొమ్ము క్యాన్సర్ ముదిరిన 256 మంది మహిళల మీద చేసిన పరిశోధన. వాళ్ళలో కొందరి ఇంటివాళ్ళకి, స్నేహితులకి రిఫ్లెక్సాలజీ నేర్పించి, నాలుగు వారాలపాటు, వారానికి కనీసం ఒకసారి, అరగంట చేయమన్నారు. చేయించుకున్నవాళ్ళలో జబ్బు లక్షణాల తీవ్రత మిగతావాళ్ళకంటే తగ్గింది. క్యాన్సర్ నయమైందని ఎవరూ అనలేదు, బాధ తగ్గింది. చార్టు అభిమానులు దీన్ని చూపిస్తారు, చూపించాల్సిందే. కానీ పోల్చింది ఎవరితో? పాదాలు ఎవరూ ముట్టుకోనివాళ్ళతో. కాబట్టి ఆ మేలు గళ్ళదా, అరగంటసేపు కాలు పట్టుకుని కూర్చున్న చెల్లెలిదా, కూతురిదా అన్నది ఆ పరిశోధన విడదీయలేదు. నాకైతే ఆ చేతులదే అనిపిస్తుంది. నొక్కింది డిగ్రీలున్నవాళ్ళు కాదు, ఇంట్లోవాళ్ళు. నాకు ఆ పరిశోధనలో అన్నిటికంటే నచ్చింది ఆ సంగతే.

అసలు పాదంలో ఏముందో చూస్తే, లేనివి ఊహించుకోవాల్సిన అవసరమే రాదు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు. అరికాలి చర్మం కింద మడమ నుంచి వేళ్ళ దాకా గట్టి పట్టీ ఒకటి, దానిపైన నాలుగు వరసల చిన్న కండరాలు. రోజంతా మన బరువంతా మోసి, సాయంత్రానికి బిగుసుకుపోయేవి ఇవే. వంపులో నొక్కితే "అబ్బా" అనిపించేది ఇక్కడి బిగువే, కిడ్నీకి దానితో పని లేదు. అరికాలికి వెంట్రుకలు ఉండవు, చర్మం మందం, ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు మాత్రం దట్టం. మీగాలి చర్మం వేరు. అక్కడ వెంట్రుకలుంటాయి, నెమ్మదిగా నిమిరితే స్పందించే సన్నని నరాలు ఉంటాయి. సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి బాగా పలుకుతాయి. హడావిడిగా రుద్దితే పెద్దగా పట్టించుకోవు. అందుకే అరికాలికి నొక్కు, మీగాలికి నిమురు. ఇది నేను చార్టులో చదవలేదు. మా అమ్మ ఎప్పుడూ అలాగే చేసేది, కారణం నాకు తర్వాత తెలిసింది.

నిద్ర సంగతి కూడా అంతే. స్విట్జర్లాండ్‌లో బాసెల్ పరిశోధకులు 1999లో ఒకటి చూపించారు. చేతులు, కాళ్ళు వెచ్చగా ఉన్నవాళ్ళకి నిద్ర త్వరగా పడుతుంది. పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుంటే ఒంట్లో వేడి బయటికి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత దిగుతుంది, ఒళ్ళు నిద్రకి సిద్ధమవుతుంది. ఒత్తిన పాదానికి వెంటనే సాక్సు తొడిగితే ఆ వెచ్చదనం కాసేపు నిలుస్తుంది. నాన్న మధ్యలోనే గురక పెట్టడానికి ఏ గ్రంథి చోటు నొక్కానా అని ఒకప్పుడు చార్టు చూసేవాణ్ణి.

ఇక చేసే పద్ధతి. ముందు లైటు వేసి పాదం చూస్తాను. గాయం, పుండు, వేళ్ళ సందుల్లో తడి, మడమ పగుళ్ళు. గోళ్ళు కూడా. కుడిదీ ఎడమదీ పక్కపక్కన పెట్టి రంగు, వాపు పోల్చి చూస్తాను. ఇదంతా ఒక నిమిషం పని. తర్వాత అర చెంచా నూనె నా అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టి, పాదాన్ని రెండు చేతుల మధ్య ఊరికే పట్టుకుంటాను. కదపను, నొక్కను. మొదట్లో ఈ మెట్టు నాకు దండగ అనిపించేది. కానీ మొదటి నిమిషంలో కాలు ఇంకా తన బరువు తనే మోస్తుంటుంది, మనకి వదలదు. పట్టుకుని ఊరుకుంటే కాసేపటికి ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆ బరువు చేతికి తెలిసేదాకా మిగతా పని మొదలుపెట్టను.

అప్పుడు చీలమండ నుంచి వేళ్ళ దాకా మీగాలిని నిమరడం. ఆ తర్వాత అరికాలు. మడమ దగ్గర మొదలుపెట్టి వంపు మీదుగా పైకి, బొటనవేలితో నెమ్మదిగా. బొటనవేలు త్వరగా నొప్పెడుతుంది కాబట్టి సగంలో పిడికిలి కణుపులకి మారతాను. నొక్కే బలం వేళ్ళలోంచి కాక ముందుకి వాలిన ఒంట్లోంచి రావాలి, లేకపోతే వారానికల్లా మన మణికట్టుకి ఇంకొకరు కావాలి. పాదం పైన పొడవాటి ఎముకల మధ్య సందులుంటాయి, చాలామంది వదిలేసే చోటు అదే. వేళ్ళ వైపు నుంచి చీలమండ వైపు ఒక్కో సందులో వేలి కొసని జారిస్తే, ఎదుటివాళ్ళు తమకి తెలియకుండానే పెద్ద ఊపిరి వదులుతారు. ఆ తర్వాత ఒక్కో వేలినీ మొదలు దగ్గర పట్టుకుని కొంచెం తిప్పి, మెల్లగా లాగి వదలడం. మెటికలు విరవాలన్న సరదా వద్దు. చివర మడమని గుప్పిట్లో పట్టి పిసికి, పిక్కలని కింది నుంచి పైకి తేలిగ్గా రాసి, నూనె తుడిచి, సాక్సు. నూనె కాళ్ళతో బాత్రూంకి నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాలికి పది పన్నెండు నిమిషాలు. టీవీ ఆపేయాలి. నా ఫోను పక్క గదిలో ఉంటుంది.

కితకితలు పుట్టేవాళ్ళకి వేలి కొసలు తగలనివ్వకూడదు, అరచెయ్యి మొత్తం ఆనించి గట్టిగా పట్టుకోవాలి. తన కాలు తనే ఒత్తుకుంటే కితకితలు రావు. మన చెయ్యి ఎక్కడ పడుతుందో మెదడు ముందే లెక్కేసుకుంటుంది. 1998లో లండన్ పరిశోధకులు స్కాన్లు తీసి మరీ దీన్ని చూపించారు. బహుశా అందుకే, మనకి మనం ఒత్తుకుంటే బిగువు వదులుతుంది గానీ ఇంకొకరు ఒత్తినప్పటి హాయి రాదు. ఒంటరిగా ఉన్నవాళ్ళు కుర్చీలో కూర్చుని టెన్నిస్ బంతి మీద అరికాలు దొర్లించుకోవచ్చు. పొద్దున మంచం దిగగానే మడమలో పొడిచేవాళ్ళు, దిగకముందే చేత్తో వేళ్ళని వెనక్కి లాగి పది లెక్కపెట్టి వదిలి, అలా పదిసార్లు చేస్తే మొదటి అడుగు తేలికవుతుంది.

ఒత్తకూడని సందర్భాలున్నాయి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే చెయ్యి వేయొద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మానని పుండు, చీము, కొత్తగా విరిగిన ఎముక, గౌట్‌తో ఎర్రగా ఉబ్బిన బొటనవేలు, వీటి జోలికీ పోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళ పాదాన్ని వేణ్ణీళ్ళలో పెట్టే ముందు నీళ్ళని ఇంకొకరి మోచేత్తో చూడాలి, కాలుతున్నా వాళ్ళకి తెలియకపోవచ్చు. వేళ్ళ సందుల్లో నూనె రాయకూడదు, తడి నిలిచి పుండు పడుతుంది.

అన్నిటికంటే, "నొప్పి పెడితే చెప్పండి" అనే మాట నమ్మకూడని పాదాలు కొన్ని ఉంటాయి. ఇది నేను నేర్చుకోవడానికి ఒక రాయి కావాల్సొచ్చింది. డాక్టర్‌ని అడిగితే, చర్మం బాగున్నంతకాలం మెత్తగా ఒత్తొచ్చన్నారు. ఎంత మెత్తగా అన్నది నాన్న చెప్పలేరు కదా. అందుకని ముందు నా ముంజేతి మీద నొక్కి చూసుకుని, అంతే బలంతో ఆయన పాదం మీద నొక్కుతాను.

గాయం మానడానికి నెలపైనే పట్టింది. చార్టు పారేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు, మడిచి బీరువా వెనక పెట్టారు. ఆ పేర్లు మాత్రం మా ఇంట్లో ఉండిపోయాయి, ఊళ్ళో సినిమాహాలు పడగొట్టినా ఆ సెంటర్ పేరు ఉండిపోయినట్టు. "సైనస్ పక్కన గోరు పెరిగింది చూడు" అంటారు. నేనూ "కిడ్నీ దగ్గర చర్మం ఎండిపోయింది" అంటాను.

నిన్న రాత్రి లైటు తగ్గించి ఒత్తుతున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. కాసేపటికి, "ఎక్కడున్నావురా ఇప్పుడు?" అన్నారు.

"లివర్ దగ్గర."

"అలాగా. ఉండు, ఇంకాసేపు అక్కడే ఉండు."